ఆరింటికి వెలగాల్సిన లైటు ఎందుకు వెలగలేదు?

“వరండా లైటు సాయంత్రం ఆరింటికి వెలగాలని, రాత్రి పదకొండింటికి ఆరిపోవాలని స్మార్ట్ స్విచ్చులో టైమర్ పెట్టాను. బాగానే నడుస్తోంది. కానీ ఉన్నట్టుండి ఒక్కో సాయంత్రం వెలగదు. మర్నాడు మళ్లీ మామూలే. స్విచ్చు పాడైందంటారా?”

పాడవలేదండీ. చాలావరకు ఇలాంటి కేసుల్లో జరిగేది ఒకటే: ఆ సాయంత్రం సరిగ్గా ఆరింటికి మీ ఇంట్లో కరెంటు లేదు. అయిదూ యాభైకి పోయి ఆరూ పదికి వచ్చి ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే పోయిన సంగతి కూడా తెలియదు.

మరి ఆరూ పదికి కరెంటు వచ్చాకైనా వెలగాలి కదా అంటారు. “చీకటి పడితే వరండాలో లైటు ఉండాలి” అని ఇంట్లో మనిషికి చెబితే, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు వేస్తారు. స్విచ్చుకి మీరు చెప్పింది ఆ మాట కాదు. గడియారంలో 6:00 అయిన క్షణాన ఆన్ చెయ్యమన్నారు. ఆ క్షణానికి దానికి ప్రాణం లేదు. ప్రాణం వచ్చేసరికి 6:10. ఇక 6:00 అనేది మళ్లీ రేపే. అందాకా దానికి పని లేదు.

టైమరుకి తెలిసింది ఒక క్షణం. మనకి కావలసింది ఆ క్షణం నుంచి పదకొండింటిదాకా ఉండే వెలుగు. టైమర్ల మీద వచ్చే సందేహాల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉంది. ఈ యాప్‌లు రాసేవాళ్లు కరెంటు పోదనుకుని రాస్తారు. మనం పోతుందని తెలిసి బతుకుతాం. కాబట్టి టైమర్ పెట్టేముందు “ఎన్నింటికి వెలగాలి?” అని ఒక్కటే అడిగితే చాలదు. “ఆ సమయానికి కరెంటు లేకపోతే ఏం కావాలి?” అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకి జవాబు దొరకాలంటే గోడలో ఏముందో కొంచెం చూడాలి.

ఎలక్ట్రీషియను “న్యూట్రల్ లేదు” అన్నాడు. అదెందుకు?

మామూలు స్విచ్చు ఏమీ తినదు. ఫేజు వైరు ఒకవైపు వస్తుంది, రెండోవైపు నుంచి బల్బుకి పోతుంది. నొక్కితే రెండు రేకులు కలుస్తాయి, వదిలితే విడిపోతాయి. బల్బుకి కావలసిన న్యూట్రల్ స్విచ్చు దాకా రావలసిన పనే లేదు, నేరుగా బల్బు దగ్గరకే పోతుంది.

స్మార్ట్ స్విచ్చు అలా కాదు. లైటు ఆర్పి ఉన్నా అది మేలుకునే ఉండాలి, ఫోను నుంచి వచ్చే మాట వినాలి, టైము చూసుకోవాలి. దాని లోపల 230 వోల్టులను 3.3 వోల్టులకు దించే బుల్లి పవర్ సప్లై, వైఫై ఉన్న చిప్పు, దాని పక్కన రిలే ఉంటాయి. రిలే అంటే కాయిల్లోకి కరెంటు వెళ్లగానే అయస్కాంతమై రేకును లాగే స్విచ్చు. లైటు వెలిగేటప్పుడు గోడలోంచి “టక్” మని వినిపించేది అదే. చిప్పు సంగతికొస్తే, షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ 2014లో ఈఎస్‌పీ8266 అనే చవక వైఫై చిప్పు తెచ్చింది. గోడ స్విచ్చులో వైఫై పెట్టడం సామాన్యుడి ధరకి దిగింది ఆ తర్వాతే.

ఈ సరంజామా అంతా 24 గంటలూ పనిచెయ్యాలంటే ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా బోర్డులో ఉండాలి. ఈ విషయంలో మన ఇళ్లు కొంత నయం. మన స్విచ్ బోర్డులో నాలుగు స్విచ్చుల పక్కన ఒక సాకెట్ ఉండడం రివాజు. సాకెట్ ఉందంటే న్యూట్రల్ ఉన్నట్టే. మంచం పక్కన, మెట్ల దగ్గర ఒంటరిగా ఉండే స్విచ్చుతోనే పేచీ.

న్యూట్రల్ అక్కర్లేని స్మార్ట్ స్విచ్చులూ దొరుకుతాయి. అవి తమకు కావలసిన కాసింత కరెంటును ఆరి ఉన్న బల్బు గుండానే లాక్కుంటాయి. పాతకాలం ఫిలమెంటు బల్బుకి అది లెక్కలోకి రాదు. ఎల్ఈడీ అలా కాదు, ఆ కాస్తకే అర్ధరాత్రి మినుకుమినుకుమంటుంది, లేదా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. దానికి విరుగుడుగా బల్బు దగ్గర ఒక బైపాస్ కెపాసిటర్ పెడతారు. చాలావరకు స్విచ్చుతో పాటే ఇస్తారు, ఎలక్ట్రీషియను అట్టపెట్టెలో వదిలేయకుండా చూసుకోండి.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. న్యూట్రల్ దొరక్కపోతే ఎర్తు వైరును న్యూట్రల్‌గా వాడేస్తామనే వాళ్లు ఉంటారు. స్విచ్చు పనిచేస్తుంది, నిజమే. కానీ ప్రమాదం వచ్చినప్పుడు మాత్రమే కరెంటు పారాల్సిన తీగలో రోజంతా పారుతుంటుంది. ఎక్కడైనా ఎర్తు తెగితే ఫ్రిజ్ ఒంటికీ వాషింగ్ మెషిన్ ఒంటికీ షాకు రావచ్చు. కొత్త న్యూట్రల్ తీగ లాగించడానికి అయ్యే ఖర్చు దాని ముందు ఎంత?

ఆరయిందని దానికెవరు చెబుతారు?

ఇంటర్నెట్. స్విచ్చులో బ్యాటరీ గడియారం సాధారణంగా ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ అది నెట్‌లోకి వెళ్లి, సమయం చెప్పే సర్వర్లను అడిగి తెలుసుకుంటుంది. అలా అడిగే పద్ధతిని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ 1980లలో రూపొందించాడు. మీ ఫోను, కంప్యూటర్ కూడా దాదాపు అలాగే టైము సరిచూసుకుంటాయి. కరెంటు వచ్చి నెట్ రాకపోతే స్విచ్చుకి టైము తెలియదు. చాలా చిప్పులు అప్పుడు 1970 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. ఆ స్థితిలో ఏ టైమరూ సరిగా పనిచెయ్యదు.

టైమ్‌జోన్ తప్పుగా ఉంటే వచ్చే తికమక వేరు. దాన్ని పట్టుకోవడం మాత్రం తేలిక. ఆరింటికి పెట్టిన లైటు రాత్రి పదకొండున్నరకు వెలిగిందంటే స్విచ్చు గ్రీనిచ్ సమయంలో ఉంది, మనకీ దానికీ తేడా అయిదున్నర గంటలు. మధ్యాహ్నం మూడున్నరకే వెలిగితే తయారైన చోటి చైనా సమయంలో ఉండిపోయింది. అమెరికాలో ఉన్న కొడుకు తన ఫోన్లోంచి అమ్మ ఇంటి స్విచ్చులు సెట్ చేస్తుంటాడు. కొన్ని యాప్‌లు ఫోన్ ఉన్న ఊరి సమయాన్నే పట్టుకుంటాయి. పైగా అక్కడ మార్చిలోనూ నవంబరులోనూ గడియారాలు గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు, మన దగ్గర జరపరు. నవంబరులో ఓ ఆదివారం నుంచి గుంటూరులో లైటు గంట తేడాగా వెలుగుతుంటే కారణం గుంటూరులో వెతక్కండి.

నెట్ పోతే టైమర్ పనిచేస్తుందా?

టైమర్ ఎక్కడ దాచారన్న దాన్ని బట్టి ఉంటుంది. కొన్ని కంపెనీల స్విచ్చుల్లో మీరు యాప్‌లో పెట్టిన షెడ్యూల్ వాళ్ల సర్వర్లో ఉంటుంది. ఆరవగానే అక్కడినుంచి మీ ఇంటికి కబురు రావాలి. రౌటర్ ఆగితే కబురు రాదు. ఇంకొన్నింటిలో షెడ్యూల్ స్విచ్చులోనే ఉంటుంది, ఒకసారి టైము తెలిస్తే చాలు, నెట్ పోయినా పని ఆగదు. టాస్మోటా లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్న స్విచ్చుల్లో 16 టైమర్లు స్విచ్చు లోపలే నిలుస్తాయి.

చాలామంది ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు ఇన్వర్టరు మీద ఉంటాయి, రౌటర్ మాత్రం మెయిన్స్ మీద ఉంటుంది. ఊళ్లో కరెంటు పోతే స్విచ్చు మేలుకునే ఉంటుంది, కబురు తెచ్చేవాడు మాత్రం పడుకుంటాడు. రౌటర్ తినేది చాలా తక్కువ. దాన్నీ ఇన్వర్టరు మీదికి మార్చేయండి.

ఇంకో చిన్న మాట: ఈ స్విచ్చుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. కొత్త రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే పెట్టుకుంటే ఇవి అసలు కలవవు.

కరెంటు తిరిగొచ్చాక స్విచ్చు ఏ స్థితిలో ఉండాలి?

ఇదే మొత్తం వ్యవహారానికి గుండెకాయ. యాప్ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున, ఎవరూ తెరవని చోట ఒక అంశం ఉంటుంది: కరెంటు వచ్చాక ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లో ఉండాలా, పోకముందు ఎలా ఉందో అలాగే ఉండాలా? అన్ని స్విచ్చులకూ ఒకటే జవాబు పెట్టేసి ఊరుకుంటారు. అదే చిక్కు.

గీజరు సంగతి చూడండి. పొద్దున అయిదింటికి ఆన్, అయిదున్నరకు ఆఫ్ అని టైమర్ పెట్టారు. “పోకముందు ఎలా ఉందో అలాగే” అని కూడా పెట్టారు. అయిదూ పదికి కరెంటు పోయింది, ఆరింటికి వచ్చింది. పోయేముందు ఆన్‌లో ఉంది కాబట్టి ఆరింటికి మళ్లీ ఆన్ అవుతుంది. ఆఫ్ చెయ్యాల్సిన 5:30 చీకట్లోనే దాటిపోయింది. ఇక మర్నాటి అయిదున్నర దాకా దాన్ని ఆపేవాళ్లు లేరు. థర్మోస్టాట్ ఉంటుంది, నిజమే, నీళ్లు కాగగానే ఆపుతుంది. చల్లారగానే మళ్లీ వేస్తుంది. ఊరెళ్లి ఉంటే అలా రోజంతా. అందుకే గీజరు, ఇస్త్రీ పెట్టె సాకెట్, నీళ్ల మోటారు లాంటివాటికి ఎప్పుడూ “ఆఫ్” అనే పెట్టాలి. కరెంటు వచ్చాక మనిషి చేత్తో వేసుకుంటే పోయేదేమీ లేదు.

మోటారు మాట వచ్చింది కాబట్టి, ఈ పాఠం మన పొలాల్లో ముందే చదువుకున్నాం. తెలంగాణలో వ్యవసాయానికి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అర్ధరాత్రి కరెంటు వచ్చినా మోటారు తనంతట తానే ఆడాలి, రైతు చీకట్లో పాముల మధ్య నడిచి వెళ్లనక్కర్లేదు. ఆ రోజులకు అది సరైన తెలివే. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలయ్యేసరికి అదే పరికరం తలనొప్పి అయింది. అవసరం ఉన్నా లేకపోయినా మోటార్లు ఆడతాయి, భూగర్భ జలం వృథాగా పైకొస్తుంది, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తే లైను మీద భారం పడుతుంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. పరికరం మారలేదు, పరిస్థితి మారింది. మీ యాప్‌లో ఉన్న ఆ మూడు జవాబుల్లో “ఆన్” అన్నది ఆటో స్టార్టరే.

వరండా లైటుకి మాత్రం పైన చెప్పిన మూడూ చాలవు. ఆరింటికి ముందు అది ఆఫ్‌లో ఉంది కాబట్టి “పోకముందు ఎలా ఉందో అలాగే” అంటే ఆఫ్‌గానే మిగులుతుంది. “ఆన్” అంటే పట్టపగలు కరెంటు వచ్చినా వెలుగుతుంది. దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది. ఒక్క ఆరింటికే కాకుండా ఆరుంబావుకి, ఆరున్నరకి, ఏడింటికి, ఎనిమిదింటికి కూడా “ఆన్” టైమర్లు పెట్టండి. వెలుగుతున్న లైటుకి వెలగమని మళ్లీ చెబితే నష్టమేమీ లేదు. ఏ ఒక్కటి తప్పినా తర్వాతిది పట్టుకుంటుంది. ఆర్పడానికీ అంతే: పదకొండుకి ఒకటి, పదకొండున్నరకి ఒకటి, తెల్లవారి ఆరింటికి ఒకటి. ఒక ఇబ్బంది ఉంది. ఎవరైనా కావాలని ఆరూ ఇరవైకి ఆర్పేస్తే ఆరున్నరకి మళ్లీ వెలుగుతుంది. వరండాకి పరవాలేదు, పడకగదికి పనికిరాదు.

కొంచెం లోతుకి దిగే ఓపిక ఉన్నవాళ్లు “మేలుకోగానే టైము చూడు, సూర్యాస్తమయానికీ పదకొండుకీ మధ్య ఉంటే వెలిగించు” అని రూల్ రాసుకోవచ్చు. అన్ని యాప్‌లూ ఒప్పుకోవు. ఒప్పుకునే స్విచ్చు దొరికితే పదిరూపాయలు ఎక్కువైనా అదే కొనమంటాను.

అసలు ఆరింటికే ఎందుకు?

హైదరాబాదులో నవంబరు చివర సూర్యుడు సుమారు 5:40కే అస్తమిస్తాడు. జూలై మొదట్లో సుమారు 6:55 దాకా ఉంటాడు. ఆరింటికి పెట్టిన లైటు చలికాలంలో చీకటి పడ్డాక వెలుగుతుంది, వేసవిలో ఎండలో వెలుగుతుంది. అందుకే గడియారం బదులు “సూర్యాస్తమయం” అని ఎంచుకోండి. దానికి మీ ఊరు ఎక్కడుందో చెప్పాలి. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం తుని దగ్గరగా పోతుంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. గడియారం ఇద్దరికీ ఒకటే అయినా, శ్రీకాకుళంలో పొద్దు హైదరాబాదు కంటే ఇరవై నిమిషాలకు పైగా ముందే వాలుతుంది. యాప్‌లో ఊరు హైదరాబాదని వదిలేసి స్విచ్చు శ్రీకాకుళంలో బిగిస్తే లైటు ఆ ఇరవై నిమిషాలూ ఆలస్యంగా వెలుగుతుంది.

సూర్యుడు దిగాక కూడా మరో ఇరవై నిమిషాలు వెలుతురు ఉంటుంది కాబట్టి “అస్తమయం తర్వాత 10 నిమిషాలకు” అని జరుపుకోవచ్చు. సంధ్యవేళకే గుమ్మంలో దీపం ఉండాలనే ఇల్లయితే పది నిమిషాలు ముందుకి.

ఫ్యానుకి కూడా ఇదే స్విచ్చు పెట్టొచ్చా?

ఆన్, ఆఫ్ వరకు పెట్టొచ్చు. వేగం మార్చాలంటే ఫ్యాన్ల కోసమే చేసిన మాడ్యూల్ కావాలి. లైటు వెలుగు తగ్గించే డిమ్మర్‌కి ఫ్యాను తగిలిస్తే మోటారు గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది. ఫ్యాను మాడ్యూల్లో రెండు మూడు కెపాసిటర్లు ఉంటాయి. వాటిని రకరకాలుగా కలిపి ఫ్యానుకి అందే వోల్టేజీ తగ్గిస్తారు. వేగం మారినప్పుడల్లా టక్కుటక్కుమనేది ఆ కెపాసిటర్లను మార్చే రిలేలే. పాత రెగ్యులేటర్ అలాగే ఉంచి దీన్ని కలిపితే రెండు చోట్లా వోల్టేజీ తగ్గి ఫ్యాను అసలు కదలకపోవచ్చు. పాతది తీసేయించండి.

బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను అయితే వేరే కథ. దాని ఎలక్ట్రానిక్స్ దాని ఒంట్లోనే ఉంటాయి, ముందు ఏ రెగ్యులేటరూ ఉండకూడదు. దానికి మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చు చాలు. చాలావాటి రిమోట్‌లోనే కొన్ని గంటల తర్వాత ఆగిపోయే టైమర్ ఉంటుంది. అది ఉండగా గోడలో మళ్లీ ఖర్చెందుకు?

రాత్రిపూట ఫ్యానుకి టైమర్ నిజంగా పనికొస్తుంది. పడుకునేటప్పుడు ఉక్క, అయిదు మీద పెడతాం. రోజు మొత్తంలో చల్లగా ఉండేది తెల్లవారుజామున, సూర్యోదయం వేళకి. అప్పుడు దుప్పటి లాక్కుంటాం కానీ లేచి ఫ్యాను తగ్గించం. పదకొండుకి అయిదు, రెండింటికి మూడు, నాలుగున్నరకి ఒకటి అని పెట్టుకుంటే దుప్పటి గొడవ లేదు. మే నెలలో, ఎండలు మండే రెంటచింతలలో ఈ షెడ్యూల్ పెట్టమని నేను చెప్పను. కాలానికో షెడ్యూల్ రాసి పెట్టుకుని, నవంబరులో ఒకటి, మార్చిలో ఒకటి మార్చుకోండి.

ఒకటో నంబరు మీద మొదలయ్యేలా పెట్టకండి. ఆగి ఉన్న పాత ఫ్యాను తక్కువ వోల్టేజీతో కదల్లేక మూలుగుతూ ఉండిపోతుంది. ముందు అయిదు, నిమిషం తర్వాత ఒకటి.

స్నానాల గది ఎగ్జాస్టు ఫ్యానుకి షెడ్యూల్ కాదు, కౌంట్‌డౌన్ పెట్టాలి. ఎవరు వేసినా ఇరవై నిమిషాలకు ఆగిపోతుంది.

గోడ మీది పాత స్విచ్చులు తీసేయాలా?

ఉంచండి. పెద్దవాళ్లు, పనిమనిషి, ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరి ఫోన్లోనూ మీ యాప్ ఉండదు. పాత స్విచ్చు వెనక బిగించే మాడ్యూల్ కొంటే చేత్తోనూ వెయ్యొచ్చు. ఒక్కటే వింత: ఇన్నాళ్లూ కిందికి నొక్కితే ఆన్. టైమర్ మధ్యలో దూరాక కిందికి ఉన్నా లైటు ఆరి ఉండొచ్చు, పైకి ఉన్నా వెలుగుతుండొచ్చు. “ఎటున్నా ఒకసారి నొక్కు” అని ఇంట్లోవాళ్లకి చెప్పెయ్యండి.

దీనివల్లే ఓ ప్రమాదం కూడా ఉంది. సంక్రాంతి ముందు బూజు దులిపేటప్పుడు స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తాం. స్విచ్చు ఆఫ్‌లోనే ఉంది కదా అనుకుంటాం. టైమర్ సమయమైతే చేతిలో గుడ్డ ఉండగానే తిరుగుతుంది. ఇంకో ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా ఫోన్లో నొక్కినా అంతే. ఫ్యాను తుడిచినా, బల్బు మార్చినా ముందు మెయిన్ బోర్డులో ఆ గది ఎంసీబీ దించండి.

కరెంటు బిల్లు తగ్గుతుందా?

ఒక్క వరండా బల్బు కోసమైతే తగ్గదు. స్మార్ట్ స్విచ్చు తనకోసమే అర వాటు నుంచి ఒక వాటు దాకా ఎప్పుడూ లాగుతుంటుంది. ఒక వాటు చొప్పున రోజుకి 24 వాట్-గంటలు. 9 వాట్ల ఎల్ఈడీని మూడు గంటలు మర్చిపోతే అయ్యేది 27. దాదాపు చెల్లుకి చెల్లు. ఎవరూ లేని గదిలో 75 వాట్ల పాత ఫ్యాను అయిదు గంటలు తిరిగితే 375 పోతాయి. ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషి ఒంటి చెమటను ఆరబెడుతుంది. మనిషి లేని గదిలో అది చేసే మేలు సున్నా. కాబట్టి పొదుపు కోసమే అయితే ఫ్యాన్లతో మొదలుపెట్టండి, లైట్ల సంగతి తర్వాత.

గీజరుకి లైట్ల మాడ్యూల్ వాడొద్దు. 2 కిలోవాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా, 3 కిలోవాట్లది 13 దాకా లాగుతుంది. 16 ఆంపియర్లు, ఆపైన అని రాసి ఉన్నది తీసుకోండి. చిన్న రిలే అయితే రేకులు వేడికి అతుక్కుపోతాయి. అప్పుడు యాప్ “ఆఫ్” అంటుంది, గీజరు ఆన్‌లోనే ఉంటుంది.

బిగించిన రోజు ఎలక్ట్రీషియను ఇంట్లో ఉండగానే రెండు పనులు చెయ్యండి. అయిదు నిమిషాల తర్వాత ఆన్ అయ్యేలా ఒక టైమర్ పెట్టి రౌటర్ ప్లగ్గు పీకేయండి, అయినా వెలుగుతుందో లేదో చూడండి. తర్వాత రౌటర్ పెట్టేసి, లైటు, ఫ్యాను, గీజరు అన్నీ ఆన్‌లో ఉంచి మెయిన్ దించి రెండు నిమిషాలాగి ఎత్తండి. ఏది తిరిగి వెలిగింది, ఏది ఊరుకుంది అన్నది ఒక కాగితం మీద రాసుకుని, మీరు కోరుకున్నట్టు ఉంటేనే అతనికి డబ్బులివ్వండి.